తవుడు పెట్టి కొన్న వీరుడు

వైడూర్యపురం కోటను చూసి పద్యం కట్టని కవి లేడు. ప్రాకారం వెంట ప్రాకారం, ఒక్కో ప్రాకారానికి ఒక్కో రంగు, బురుజు బురుజుకీ బంగారు కలశం, సింహద్వారం మీద రెక్కలు విప్పిన గండభేరుండం, దాని కళ్లలో కోడిగుడ్డంత కెంపులు! పొద్దు ఎక్కేకొద్దీ గోడల రంగు మారుతుంది. ఉదయం లేత చిలకపచ్చ, మధ్యాహ్నం నెమలికంఠం నీలం, సాయంత్రం దానిమ్మగింజ ఎరుపు. ఇదంతా కవులు రాశారు. సింహద్వారానికి కుడిపక్కన నేలమట్టమైపోయి, కూలిన దూలాల కింద ఇంకా పొగ లేస్తున్న అంగడివీధిని గురించి మాత్రం ఏ ఒక్కడూ ఒక్క పాదం రాయలేదు. రాస్తే అగ్రహారాలు రావు కదా!

ఆ వీధిని కూల్చింది శత్రువు కాదు. రాజ్యానికి కొండంత అండ అని చెప్పుకునే మహావీరుడు ప్రచండభానుడే. నిన్న ఉదయం కొండచరియ విరిగి కోట మీద పడబోతే ఒంటిచేత్తో ఆపి, దాన్ని ఎత్తి సముద్రంలోకి విసిరేసింది కూడా అతడే. జనం జయజయధ్వానాలు చేశారు. వందిమాగధులు గొంతులు సవరించుకుని ఆకాశానికెత్తారు. ఆ పొగడ్తల మధ్య అతడి కళ్లు నల్లబడ్డాయి. తెలుపన్నది మిగలకుండా మసిబొగ్గులయ్యాయి. తర్వాత తానేం చేశాడో అతడికి తెలియదు. తెలివి వచ్చేసరికి అంగడివీధి లేదు. ఆ శిథిలాల నడుమ కూర్చుని, తన చేతులను తానే చూసుకుంటూ, వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఏలినవాడు ఉగ్రకేతు మహారాజు అప్పుడు ఏం చేశాడు? వైద్యుణ్ణి పిలిచాడా? వీధినపడ్డవాళ్లకు గుడారమైనా వేయించాడా? పగలబడి నవ్వాడు. "ఇంత చక్కని పని మన వీధిలో ఎందుకు? శత్రువు వీధిలో చేయిద్దాం" అన్నాడు. ఆస్థాన మాంత్రికుడు ధూమకేశుడు, తలవెంట్రుకల నుంచి ఎప్పుడూ సన్నగా పొగ చిమ్మే ఆ ముసలి నక్క, "చిత్తం, రేపు మధ్యాహ్నానికే ముహూర్తం" అన్నాడు. శత్రువంటే ఎవరనుకున్నారు? కప్పం కట్టనన్న చంద్రకోన. కొండ కింద ఒదిగిన చిన్న నగరం. ప్రచండభానుడు వెళ్లి ఆ కొండను ఒక్క తన్ను తంతే చాలు, అందులోని పసిపాపలతో సహా నగరమంతా సమాధి అవుతుంది.

బలమున్నవాడికి బాధ ఉండదని ఏ శాస్త్రంలో రాసి ఉందో నాకు తెలియదు. చేయి విరిగితే కట్టు కట్టేవాళ్లు, మనసు విరిగినవాడి చేత కొండలు మోయించడానికి సిగ్గుపడరు. సరే, కథలోకి వద్దాం.

ఆ మరునాడు ఉదయం అదే అంగడివీధి గుండా ఇద్దరు మనుషులు బూడిదగుమ్మడికాయల గంపలు మోసుకుంటూ సింహద్వారం వైపు నడుస్తున్నారు. ముందు నడిచే ఆమె పేరు గవరమ్మ. ఉప్పుమడుల్లో పనిచేసి కాళ్లు కాయలు కాచిన మనిషి. ప్రచండభానుడి సొంత అక్క. వెనుక గంప భుజానికెత్తుకుని ఆయాసపడుతున్న యువకుడు, ఒంటికి మసి పూసుకుని గోచీ పెట్టిన చంద్రకోన యువరాజు మణిధరుడు. ఆమె వచ్చింది తమ్ముణ్ణి ఇంటికి తీసుకుపోవడానికి. వేగుల కబురు అందిన రాత్రే అతడు బయలుదేరి వచ్చింది ఆ తమ్ముణ్ణి చంపడానికి. దారిలో రేవు దగ్గర కలిసి, ఒకరి సంగతి ఒకరు తెలుసుకుని, పోట్లాడి, చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు.

"ముందు నాను పిలుత్తాను," అంది గవరమ్మ మరోసారి. "ఆడు పలికినాడా, నా యెంట వొచ్చేత్తాడు. పలకలేదా, నీ కత్తి నీ ఇష్టం. నాను అడ్డురాను."

"ఏమని పిలుస్తావమ్మా? ప్రచండభానుడనేగా?"

"ఛీ, అదొక పేరేటి బాబూ! ఆడి పేరు ఏరే ఉన్నాది. ఊరి నడుమ ఆ పేరెత్తితే నాలుక కోయించేత్తారు. దండోరా యేసినారు కదా."

కూలిన దుకాణం ముందు కాళ్లు చాపుకుని కూర్చున్న ఒక పెద్దావిడ వాళ్లను చూసి నోరు విప్పింది. ఆమె పేలాలు వేయించి అమ్ముకునే నూకాలు. "దిష్టికాయలా తల్లీ? ఎవులికి, ఆ మహావీరుడికా? ఆడి సేతులిరిగిపోనూ! ముప్పొద్దులా మంట కాడ నిలబడి కట్టుకున్న కొట్టు. మూకుడైనా మిగల్లేదు."

గవరమ్మ తల దించుకుంది. "ఆ సేతులే కొండని ఆపినాయి కదమ్మా," అంది నెమ్మదిగా.

"ఆపితే? నా కొట్టు కట్టి పెడతాడేటి?" అంది నూకాలు. గవరమ్మ గంప సర్దుకుని ముందుకు నడిచింది.

సింహద్వారం దగ్గర భటుల నాయకుడు కాయలను తడిమి చూసి, గంపలు ఊపి చూసి, చివరకు దారి వదిలాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కాని గుమ్మడికాయలు మోసేవాళ్లు కనిపిస్తే ఆ ద్వారం దగ్గర ఒక సరదా ఉంది. నాయకుడు మీసం దువ్వుకుంటూ గట్టిగా అరిచాడు. "ఆగండాగండి! వంటశాలలో కాయ ఒకటి పోయిందట. గుమ్మడికాయల దొంగ ఎవడ్రా?"

ఇది విని నవ్వేసి ముందుకు పోవాలని పుట్టినప్పటి నుంచీ గంపలు మోసినవాడికి తెలుసు. మణిధరుడు అంతఃపురంలో పెరిగినవాడు. పాపం, కాయల మీది బూడిద భుజాలకంటి అప్పటికే దురద పెడుతోంది. సరిగ్గా ఆ మాటకే అతడి చేయి భుజం మీదికి పోయింది. భుజాలు తడుముకున్నాడు!

భటులు పొట్టలు పట్టుకుని నవ్వారు. నాయకుడూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఠక్కున ఆగిపోయాడు. బూడిదతోపాటు మసి కూడా రాలిన చోట, పచ్చని చర్మం మీద, నెలవంక పచ్చబొట్టు మెరిసింది. చంద్రకోన రాజవంశపు గుర్తు!

"పట్టుకోండి!"

ఆ మాట పూర్తికాకుండానే గవరమ్మ గంపలోని పెద్దకాయ వెళ్లి నాయకుడి మూతి మీద పగిలింది. మణిధరుడు తన గంపను భటుల కాళ్ల కిందికి దొర్లించి, పగిలిన కాయలోంచి విషపుకత్తిని లాక్కున్నాడు. ఇద్దరూ లోపలికి పరుగు తీశారు. రెండో ప్రాకారం దగ్గర కంచుభటులు కదిలారు. అవి ధూమకేశుడు పోతపోసి ప్రాణం ఊదిన బొమ్మలు. కాళ్లు ఎత్తి వేస్తుంటే రాతిపలకలు పగులుతున్నాయి, నోళ్లు తెరిస్తే నిప్పుల పొగ. ఒక కంచుచేయి మణిధరుడి తలపాగాను పట్టి చింపింది. ఇంకొకటి గొడ్డలి విసిరితే అది గవరమ్మ కొప్పును రాసుకుంటూ పోయి స్తంభంలో దిగబడింది.

"ఇటు బాబూ! ఇటు!"

"అది గోడ!"

"గోడ కాదు, తూము! మా తాతల కాణ్ణుంచీ ఈ కోటకి ఉప్పు మోసినోళ్లం నాయినా!"

గోడలో మనిషి పట్టేంత కంత. బస్తాలకొద్దీ ఉప్పును నేలమాళిగలోకి జారవిడిచే తూము అది. గవరమ్మ యువరాజు మెడపట్టి అందులోకి తోసి, తానూ దూకింది. చీకట్లో గిర్రున తిరుగుతూ, మోచేతులు చీరుకుంటూ, ఇద్దరూ వచ్చి మెత్తని ఉప్పుగుట్ట మీద పడ్డారు. పైనుంచి కంచుభటుల అడుగుల చప్పుడు వినిపిస్తోంది కాని, ఆ లావు శరీరాలు తూములో పట్టవు. గాయాల మీద ఉప్పు మండి మణిధరుడు కెవ్వుమనబోతే ఆమె అతడి నోరు మూసింది.

అవతల ఎవరో మాట్లాడుతున్నారు.

ఉప్పుగది చివర పెద్ద వాకిలి. దానికి తలుపు లేదు. ఏనుగులంతటి బండరాళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. అవి బయటినుంచి పేర్చినవి కావు. లోపలున్నవాడు తనను తాను మూసేసుకోవడానికి పేర్చుకున్నవి. రాళ్ల సందులోంచి చూస్తే ఒక దివిటీ, దాని కింద మోకాళ్లలో ముఖం పెట్టుకుని కూర్చున్న మహాకాయుడు. చెక్కిన శిల్పంలాంటి భుజాలు, చర్మం కింద కరిగిన బంగారంలా పారే వెలుగు, ఆ వెలుగు మధ్య మధ్య నల్లని మరకలు. అతడు గోడకేసి చూస్తూ బతిమాలుతున్నాడు.

"ఈ రోజొక్కటీ లేవకు. నీకు దండం పెడతాను. లోపలే ఉండు."

గవరమ్మ గుండె చెరువైంది. ఈ తమ్ముడు పల్లెలో ఉన్నప్పుడు కప్పను తొక్కినా కుమిలిపోయేవాడు. ఒకనాడు ఉప్పుబస్తా మోసుకుని కోటకు వచ్చి, దాహంతో పెరట్లో కనబడిన కుండలో ఉన్నది పులిసిన గంజినీళ్ల తరవాణి అనుకుని గటగటా తాగేశాడు. అది తరవాణి కాదు. ధూమకేశుడు సూర్యశిలను కరిగించి తీసిన రసం. అంతకుముందు ఆ రసం రుచి చూసిన వీరులంతా బూడిదయ్యారు. ఇతడు మాత్రం బతికాడు, కొండలెత్తేవాడయ్యాడు. ఆ క్షణం నుంచి రాజుగారికి అతడు సొత్తు. పేరు మార్చారు, మాట మార్చారు, పల్లెనుంచి ఎవరు వచ్చినా గుమ్మంలోనే తరిమేశారు. మనుషుల ముఖాలు గుర్తుండకుండా రోజూ ఏదో కషాయం పోశారు. ఇదీ వాళ్లు చేసిన మహోపకారం!

"అయ్యా," అని పిలిచాడు మణిధరుడు, కత్తి వెనక దాచుకుని.

మహాకాయుడు ఉలిక్కిపడ్డాడు. "ఎవరు మీరు? దూరంగా వెళ్లండి. లోపలివాడు మేలుకొంటాడు." అది నేర్పిన ఆస్థానభాష. "మేము పర్వతమెత్తిన ప్రతిసారీ వాడొక ఊరు కూలుస్తాడు. వైద్యులతో విన్నవించుకున్నాము. మహావీరులు ఇటువంటి మాటలు ఆడరాదన్నారు. మహారాజుతో విన్నవించుకున్నాము. నవ్వారు." అతడి చూపు సందులోంచి మెరిసిన కత్తి మీద పడింది. "అది విషం పూసినదా? అయితే ఆలస్యమెందుకు? ఆ సందులోంచే విసురు. మేము కదలము."

చంపడానికి వచ్చినవాడికి చేయి ఆడలేదు. శత్రువు రాక్షసుడైతే పొడవడం తేలిక. తనే గొంతు చాపి ఇచ్చేవాణ్ణి ఎలా పొడుస్తారు?

"సంపేత్తావేటి?" గవరమ్మ అతడి మణికట్టు పట్టుకుంది. "మాటిచ్చినావు! ముందు నాను పిలవాల!" ఆమె రాళ్ల సందులో ముఖం పెట్టి, ఊపిరి బిగబట్టి, ఎన్నేళ్లుగానో గొంతులో అట్టిపెట్టుకున్న పేరును అరిచింది.

ఆ పేరు ఎవరికీ వినబడలేదు. సరిగ్గా అదే క్షణాన పైన శంఖాలు, భేరీలు, నగారాలు ఒక్కసారిగా మోగాయి. కప్పు రెండుగా విడిపోయి ఎండ భళ్లున లోపల పడింది. చక్రాలు కిర్రుమన్నాయి. ప్రచండభానుడు కూర్చున్న గచ్చు, రాళ్లతో, ఉప్పుగుట్టతో, అక్కతో, యువరాజుతో సహా పైకి లేవసాగింది!

పైన విజయయాత్రా రంగం. పగడాల స్తంభాలు, ముత్యాల చాందినీ, పట్టుతివాచీలు. ఎత్తైన గద్దె మీద ఉగ్రకేతు మహారాజు, పక్కన పొగ చిమ్ముతూ ధూమకేశుడు. నాలుగువైపులా భటులు ఈటెలు గుచ్చి తోలుకొచ్చిన జనం. పల్లెవాళ్లు, అంగడివాళ్లు, బెస్తలు, చాకళ్లు. రాళ్లవెనుక నక్కిన ఇద్దరినీ ఎవరూ గమనించకముందే వందిమాగధులు అందుకున్నారు.

"జయ జయ ప్రచండభానూ! వెలలేని రత్నమా! మూడులోకాలు తూచినా నీ సరికి రాని మాణిక్యమా!"

ఒక్కో పొగడ్తకూ అతడి ఒంటిమీది నల్లమరక ఒక్కో వేలెడు పెరిగింది. కళ్లు మసకబారాయి. "వద్దు," అని గొణిగాడు, చెవులు మూసుకుంటూ. ఎవరు వింటారు? బిరుదులు పెరిగాయి. కాళ్లకింది గచ్చు నెర్రెలిచ్చింది. అతడి నోట్లోంచి అతడిది కాని నవ్వు ఒకటి, పాడుబడ్డ నూతిలోంచి వచ్చినట్టు, బయలుదేరింది.

"ఒరే తవుడూ!"

భేరీలు ఆగిపోయాయి. వందిమాగధుల నోళ్లు తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి. రాళ్లమీదికెక్కి నడుముకు చెంగు బిగించి నిలబడింది గవరమ్మ.

"ఒరే తవుడూ! ఇటు సూడ్రా! నీ అక్కని!"

"ఎవతె అది?" మహారాజు గద్దెమీంచి లేచాడు. "నిషిద్ధ నామం ఉచ్చరించింది! నాలుక కోయండి!"

"కోద్దువుగాని! ముందు నా మాటిను!" అంది గవరమ్మ, మహారాజునే చూపుడువేలితో ఆపుతూ. అంతకు ముందు అతణ్ణి ఎవరూ అలా ఆపలేదేమో, నిజంగానే ఆగాడు. "నా తరవాత మా అమ్మకి పుట్టిన గుంటలందరూ పురిట్లోనే పోనారు. ఈడు పుట్టినప్పుడు మంత్రసాని సెప్పింది, ఈణ్ణి నీ బిడ్డ కాడని అమ్మీయమని. సావుకి ఇనబడేలాగ బేరమాడి అమ్మీయాల. గుమ్మంలో నన్ను నిలబెట్టినారు. నాను పసిదాన్ని. సేటలో తవుడు తెచ్చి అమ్మ ఒళ్లో పోసి, ఈణ్ణి కొనుక్కున్నాను. తవుడుకి అమ్ముడైపోనాడు, ఇంత సౌకబారు గుంటడు నాకెందుకని సావు మొగం తిప్పుకుని ఎల్లిపోనాది. అందుకే ఈడు తవుడు! అందుకే ఈడు బతికినాడు!"

జనంలో కదలిక పుట్టింది. ఆ గుంపులో ఎంతమంది తవుళ్లున్నారో, ఎంతమంది పెంటయ్యలు, పుల్లయ్యలు ఉన్నారో రాజుగారికేం తెలుసు? ఆ పేర్లు ఎందుకు పెడతారో ఏ తల్లికి చెప్పనక్కర్లేదు.

"మరి మీరేటి సేసినారు?" గవరమ్మ వందిమాగధుల వైపు తిరిగింది. "ఎలలేని రతనం, ఎలలేని రతనం అని ఊరూ వాడా డప్పేసినారు. ఆ సావు ఇనుకున్నాది! మోసపోనానని తెలుసుకుని ఎనక్కొచ్చి ఈడి లోపల కూకున్నాది! మీరు పొగిడినప్పుడల్లా లేత్తన్నాది! ఏడిసి సెప్పినా మీకు సెవి లేదు. కొండ మోయడానికి కావాల, ఊళ్లు కూల్చడానికి కావాల. ఈడు బాగోవడం ఎవులికీ అక్కరలేదు! ఈడు నీ సొత్తు కాదు రాజా! నాను కొన్నాను. తవుడు పెట్టి కొన్నాను!"

ధూమకేశుడు చెయ్యి ఎత్తేలోపలే ఆ మహాకాయుడి కళ్లలోంచి నలుపు, కడిగిన పలక మీది గీతలా, జారిపోయింది. అతడు ఆమెను తేరిపార చూశాడు. ఆస్థానభాష ఎక్కడికి పోయిందో!

"అక్కా," అన్నాడు. "ఆకలేత్తందే."

గవరమ్మ ఏడుస్తూ నవ్వింది. జనంలో ఎవరో "అయ్యో నాయినా" అన్నారు. ఈటె పట్టిన భటుడొకడు దాన్ని నేలకు దించేశాడు. అతడి పేరు పెంటయ్యేమో, నాకు తెలియదు.

మాంత్రికుడు ఊరుకుంటాడా! తలవెంట్రుకలు విదిలించాడు. పొగ సుడి తిరిగి, కొండచిలువలా నేలమీద పాకి వచ్చి గవరమ్మ నోటిని చుట్టి మూసింది. ఆమె గింజుకుంటుండగానే పొగ రెక్కలు తొడుక్కుని డేగై, ఆమెను పట్టుకుని ఆకాశానికి లేచింది. వెనుకే ధూమకేశుడు ఇంకొక పొగమబ్బు ఎక్కాడు. "పిలిచే నోరు నా పొగకొండ గుహలో ఉంటుంది మహారాజా! ఇక తమరు నిశ్చింతగా పొగిడించండి!" అని వికవికా నవ్వుతూ పడమటికి సాగిపోయాడు.

"పొగడండి!" మహారాజు గొంతు చించుకున్నాడు. "పొగడనివాడి తల తీయండి!"

ఏం చేస్తారు పాపం, వందిమాగధులు అందుకున్నారు. "జయ జయ..."

తవుడు అక్క పోయిన దిక్కుకు ఒక్క అడుగు వేశాడు. రెండో అడుగుకే మోకాళ్లమీద కూలాడు. నలుపు మళ్లీ కళ్లలోకి పాకుతోంది. అతడికి చేతికందే దూరంలో మణిధరుడు నిలబడి ఉన్నాడు. చేతిలో విషపుకత్తి. ఎదురుగా, వంగిన మెడ. ఒక్క పోటు చాలు, తన నగరం బతుకుతుంది, తన తల్లి బతుకుతుంది. "ఆమె పిలిచింది. వాడు పలికాడు," అనుకున్నాడు యువరాజు. ఒప్పందం ఒప్పందమే. కత్తిని ఉప్పుగుట్టలోకి విసిరేసి, తవుడు చెవి దగ్గర నోరు పెట్టి, పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ పిలవని విధంగా అరిచాడు.

"ఓయీ తవుడా!"

నల్లబడుతున్న కళ్లలో ఒకదానిలో నలుపు ఆగింది. తవుడు తల పక్కకు వాల్చి అతడికేసి చూశాడు.

"ఓయీ ఏటి బాబూ?" అన్నాడు నీరసంగా. "ఒరే అనాల."

"ఒ... ఒరే తవుడూ!"

"ఆఁ. ఇంకొకపాలి."

"ఒరే తవుడూ! లేవరా!"

తవుడు లేచాడు. ఉప్పుబస్తాను ఎత్తుకున్నట్టు యువరాజును ఎత్తి భుజాన వేసుకున్నాడు. "పొగకొండకి ఎల్దాం. దారంతా పిలుత్తూ ఉండు. ఆపితే నాను నానుగా ఉండను. ముందుగా సచ్చిపోయేది నువ్వే," అన్నాడు. కంచుభటులు అడ్డం వస్తే తోసేసిన చోట బురద మిగిలినట్టు కంచు మిగిలింది. ఒక్క దూకుకు ప్రాకారాలన్నీ కిందుగా పోయాయి. చిలకపచ్చ, నీలం, దానిమ్మ రంగులు కళ్లముందు గిర్రున కలిసిపోయాయి. "ఒరే తవుడూ! ఒరే తవుడూ!" అంటూ మణిధరుడు జుట్టు పట్టుకుని వేలాడాడు.

దూకు వచ్చి ముగిసింది అంగడివీధి శిథిలాల్లో. పడమట పొగడేగ ఇంకా చుక్కంత కనబడుతోంది. తవుడు రెండో దూకుకు మోకాళ్లు వంచాడు. అప్పుడే ధూమకేశుడు వదిలిన పొగతోక ఒకటి వచ్చి యువరాజు ముఖాన్ని కొట్టింది.

"ఒరే..." అన్నాడు మణిధరుడు. ఆపైన గొంతు పెగల్లేదు. దగ్గుతెర తప్ప మాట రాలేదు. కోటగోడల మీదినుంచి "వెలలేని రత్నమా" అన్న కేకలు గాలికి తేలివస్తున్నాయి. భుజం కింద బంగారు వెలుగు చల్లబడడం అతడికి తెలిసింది. తన కాళ్లను పట్టిన చేయి బిగుసుకుంటోంది, ఎముక పటపటమంటోంది. తిరిగిన ముఖంలో రెండు కళ్లూ మసిబొగ్గులు.

"ఒరే తవుడూ!"

కూలిన దుకాణం ముందు కాళ్లు చాపుకుని కూర్చున్న నూకాలు లేచి అంగలు వేసుకుంటూ వచ్చింది. కోటలోని కేకలన్నీ ఆమె ఇక్కడినుంచే విన్నది. ఆ మహాకాయుడి ఎదుట, చేతిలో విరిగిన గరిటె ఆడిస్తూ నిలబడింది. ఒళ్లంతా వణుకుతోంది, నోరు మాత్రం వణకలేదు.

"నువ్వేనేటిరా తవుడువి? తవుడుకి కొన్న ఎదవా! నా కొట్టు కూల్చీసి ఎక్కడికిరా పోతన్నావు? రతనమంట, మాణిక్యమంట! నా మూకుడు పాటి సెయ్యవు! మీ అక్క ఏడుత్తా పోయింది, కనబళ్లేదా? ఎల్లి తీసుకురా! తీసుకొచ్చి నా కొట్టు కట్టు! కట్టకపోతే నిన్ను ఒగ్గను!"

చుట్టుపక్కల కుప్పల మీదినుంచి ఒక్కరొక్కరే లేచారు. గాజులమ్మేవాడు, నూనెగానుగవాడు, ఇల్లుపోయిన బాలింత. ఒక్కొక్కరూ తమ కోపమంతా పెట్టి తిట్టారు, ప్రతి తిట్టు చివరా ఆ పేరు పెట్టి పిలిచారు. గోడల మీది పొగడ్తలు ఆ తిట్లలో కొట్టుకుపోయాయి.

బిగిసిన చేయి మెల్లగా సడలింది. తవుడు కళ్లు చికిలించి, ఎదుట ఉన్న ముసలామెను, ఆమె వెనుక కూలిన గోడలను చూశాడు. ఈసారి చూపు తిప్పుకోలేదు.

"కడతానమ్మా," అన్నాడు. "అక్కని తెచ్చేక వొచ్చి కడతాను. తిట్టడం ఆపకండి."

యువరాజును సర్దుకుని, పొగ నల్లగా కమ్ముకున్న పడమటి ఆకాశంలోకి దూకాడు. ఇల్లుపోయిన బాలింత బిడ్డను చంకనేసుకుని, వాళ్లు కనుమరుగయ్యాక కూడా గొంతెత్తి తిడుతూనే ఉంది.